ముప్పై ఆరేళ్లకి బెంగళూరులో ఆర్చరీ క్లబ్‌లో చేరొచ్చా?

వైట్‌ఫీల్డ్‌లో ఉంటానని, వయసు 36 అని, ఇంతవరకూ విల్లు పట్టలేదని రాశారు. పిల్లల మధ్య ఇబ్బందిగా ఉంటుందా, ముందే విల్లు కొనుక్కోవాలా అని అడిగారు. తప్పకుండా చేరండి. విల్లు మాత్రం ఇప్పుడే కొనకండి.

నేనుండేది మారతహళ్లిలో. చేరేనాటికి నాకు 38. మా క్లబ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలున్నారు, బ్యాంకులో రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆదివారం పొద్దున్నే అందరం కలిసి టార్గెట్లు మోసుకొచ్చి నిలబెట్టుకుంటాం. అక్కడ వయసు ఎవరికీ గుర్తుండదు.

అంతకుముందు వేరే చోట పది రోజులు నేర్చుకున్నాను. కుడిచేతివాటం కదా అని కుడిచేతి విల్లే ఇచ్చారు. ఎంత గురి పెట్టినా బాణం ఎడమకే పోయేది. ప్రాక్టీస్ చేస్తే అదే వస్తుందన్నారు. ఇది నావల్ల కాదేమో అని చాలా దిగులు పడ్డాను. ఈ క్లబ్‌లో కోచ్ మొదటిరోజు విల్లు చేతికివ్వలేదు. రెండు అరచేతులూ చాచి కలిపి, మధ్యలో చిన్న సందు వదిలి, అందులోంచి దూరంగా ఉన్న స్తంభాన్ని చూడమన్నారు. ఎడమ కన్ను మూసుకోగానే స్తంభం మాయమైంది. నాకు గురి కుదిర్చేది ఎడమ కన్నన్నమాట. కుడివైపు నుంచి వదిలే బాణానికి ఎడమ కంటితో గురి చూస్తే అది ఎడమకి కాక ఎటు పోతుంది? ఎడమచేతి విల్లుకి మారాక రెండు వారాల్లోనే బాణాలు దగ్గర దగ్గరగా పడ్డాయి. ఆ రోజు ఎంత సంతోషించానో చెప్పలేను.

విల్లు కొనొద్దన్నది కూడా అందుకే. మీ కన్ను ఏదో తేలాలి. పైగా విల్లు లాగడానికి పట్టే బలాన్ని పౌండ్లలో చెబుతారు. నాకు 18 పౌండ్లతో మొదలుపెట్టారు. వీపు కండరాలు అలవాటు పడ్డ కొద్దీ అది పెరుగుతుంది. కాబట్టి మొదటి రోజు కొన్నది కొన్ని నెలలకే చాలదు. అప్పటిదాకా క్లబ్ విల్లు చాలు. నారి లాగే వేళ్లకి ట్యాబ్ అనే తోలు ముక్క, ముంజేతికి గార్డ్ మాత్రం సొంతవి తెచ్చుకోండి. ఒలింపిక్స్‌లో రికర్వ్ (కొసలు ముందుకి వంగి ఉండే విల్లు) వాళ్లు కొట్టేది 70 మీటర్ల నుంచి, మీరు పది మీటర్ల దగ్గర మొదలుపెడతారు. టెన్షన్ పడాల్సిన పని లేదు.

క్లబ్‌ని ఎంచుకునే ముందు ఒక పూట ఊరికే నిలబడి చూడండి. విజిల్ రెండుసార్లు ఊదితే గీత మీదికి రావాలి, ఒక్కసారి ఊదితే బాణం వేయాలి, మూడుసార్లు ఊదితే వెళ్లి బాణాలు తెచ్చుకోవాలి. మూడో విజిల్ పడకముందే ఎవరైనా గీత దాటుతుంటే ఆ క్లబ్ వద్దు. టార్గెట్‌లోంచి బాణం పీకేటప్పుడు ఒక అరచెయ్యి టార్గెట్‌కి ఆనించి, వెనకాల ఎవరూ లేరని చూసుకుని లాగుతున్నారా అన్నది గమనించండి. బాణం పెట్టకుండా నారి లాగి వదిలేవాళ్లని కోచ్ ఆపుతున్నారా? అలా వదిలితే లింబ్‌లు, అంటే విల్లుకి పైనా కిందా వంగే బద్దలు, పగిలిపోవచ్చు.

ఇంకొకటి చూడండి. గురి తప్పిన బాణం గడ్డి కిందికి దూరిపోతే పైకి ఏమీ కనబడదు. నా బాణం మొదటిసారి అలా పోయినప్పుడు ఆ బ్యాంకు పెద్దాయన ముందుగా వంగారు, వెనకాల పిల్లలు వచ్చారు. నలుగురూ వరసగా గడ్డిని చేతులతో దువ్వుతూ కదిలారు. కోచ్‌ది కన్నడం. 'నిధాన, నిధాన' అంటూ ఆయనా వచ్చారు. ఆ మాట మనకి వేరే చెప్పాలా? బాణం దొరికాకే రెండు విజిళ్లు ఊదారు. కొత్తవాళ్లని ఇలా చూసుకునే చోట మీకు బెరుకుండదు.

మాది విజయవాడ పక్కన అని తెలిశాక అక్కడి ఆర్చర్ జ్యోతి సురేఖ గురించి అడగనివాళ్లు లేరు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు నాకు స్వీట్లు తినిపించారు. ఆమెది కప్పీలుండే కాంపౌండ్ విల్లు, మీకు మొదట ఇచ్చేది బహుశా రికర్వ్.

వెళ్లేటప్పుడు వదులు చేతుల చొక్కా వద్దు, నారికి తగులుకుంటుంది. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.