ఆ టార్చిలైటు ఎన్ని సెల్లులది?

బరంపురం,
ఆదివారం పొద్దున్న

తమ్ముడూ,

నీ కట్ట అందింది. యాభై నాలుగు కవితలు, నాలుగు పేజీల 'నా మాట', వెనక అట్ట కోసం ముందే రాసిపెట్టుకున్న ఆరు వాక్యాలు. రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. గీతలు ఎక్కువున్నాయని బెంగ పెట్టుకోకు. గీత పడని పేజీలే నాకు గుర్తులేవు.

ముందొక లెక్క. 'గాయం' అనే మాట నలభై ఒక్కసార్లు వచ్చింది. 'వారసత్వం' పంతొమ్మిది. 'నిశ్శబ్దం' లెక్కపెట్టడం మధ్యలో మానేశాను. టార్చిలైటు మాత్రం ఒక్కటంటే ఒక్కసారి, 31వ కవితలో. పర్లాకిమిడిలో మీ వీధి చివర, కరెంటు స్తంభం పక్కన నిలబడి మీ నాన్నగారు దాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ ఉండేవారు. ట్యూషన్ నుంచి పది నిమిషాలు లేటైతే ముందు నీ మొహం మీద వెలుగు పడేది, వెంటనే చెంప మీద చెయ్యి పడేది. ఇంత విషయాన్ని రెండు పంక్తుల్లో తేల్చేసి 'తరతరాల చీకటి గాయం' అంటూ ముందుకెళ్ళిపోయావు. నేను వెళ్ళలేకపోయాను. వెలుగు పడగానే కళ్ళు మూసుకునేవాడివా? కొట్టాక నీ పుస్తకాల సంచీ ఆయనే అందుకునేవారా? ఇంటిదాకా ఎవరు ముందు నడిచేవారు? ఇవన్నీ నీకు తెలుసు. రాయలేదంతే.

ఇప్పుడు 7వ కవితకి రా. మీ తాతగారు రంగం నుంచి, అదే బర్మాలోని రంగూన్ నుంచి, నడిచి రావడం. మన వైపు పాత ఇళ్ళల్లో రంగం కథ లేని ఇల్లు తక్కువ. గోపాలపురంలో స్టీమరెక్కి కూలికి పోయినవాళ్ళు, 1941 డిసెంబరులో రంగం మీద జపాను బాంబులు పడ్డాక ఓడలో చోటు దొరక్క, అరకాను దారినో మణిపూరు దారినో కొండలూ అడవులూ పట్టి నడిచారు. కలరాకీ జ్వరాలకీ దారిలోనే ఎందరో పోయారు. మీ తాతగారు జ్వరంతో ఉన్న అన్నగారిని చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్ళకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి చెట్టు కింద ఎవరూ లేరు. బాగా రాశావు, ఒక్క గీత కూడా పెట్టలేదు. (పైన చెప్పిన మాటకి ఇదొక్కటే మినహాయింపు.) కానీ ఈ కవితకీ టార్చిలైటుకీ మధ్య ఇరవై మూడు కవితలు అడ్డం పెట్టావు. నీళ్ళకెళ్ళి ఆలస్యంగా వచ్చిన మనిషి కొడుకే కదయ్యా, వీధి చివర లైటు పట్టుకుని నిలబడింది! నీకు ఇది తట్టే ఉంటే ఎక్కడా పైకి చెప్పకు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకో. తట్టకపోతే ఈ ఉత్తరం ఇక్కడ ఆపి కాసేపు బయట తిరిగిరా.

'నా మాట'లో జన్యువుల గొడవ తీసెయ్. 1944-45 చలికాలంలో హాలండులో వచ్చిన కరువు గురించి నువ్వు రాసింది నిజమే. అప్పుడు తల్లి కడుపులో ఉన్నవాళ్ళని దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే ఒంట్లో ఆ ఆకలి గుర్తులు కనిపించాయి. అక్కణ్ణుంచి తాత భయం మనవడి రక్తంలోకి దిగిందనేదాకా దూకేశావు. మనుషుల విషయంలో ఆ వాదం ఇంకా తేలలేదు. తేలినా నీ పుస్తకానికి దాంతో పనిలేదు. మీ తాతగారు చచ్చేదాకా చెప్పులు తల కింద పెట్టుకుని పడుకున్నారు. మీ నాన్నగారు టార్చి పట్టుకున్నారు. నువ్వు స్కూలు వ్యాను ఐదు నిమిషాలు లేటైతే డ్రైవరుకి మూడుసార్లు ఫోన్ చేస్తావు.

ఈ వ్యాను సంగతి కవితల్లో లేదు చూడు. మొన్న ఫోన్లో నవ్వుతూ చెప్పావు. కవితల్లో తండ్రివైన నువ్వు పన్నెండు చోట్ల ప్రమాణాలు చేశావు, 'నేను ఆయనలా కాను' అని. పిల్లాడి మీద చెయ్యెత్తి దించుకున్న రోజు ఒక్కటీ లేదా? దించుకోలేకపోయిన రోజు? మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు పాలు ఒలకబోసిందని కొట్టాను. స్టీలు గ్లాసు, సొట్టకూడా పడలేదు. ఇది రాయడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. నువ్వు అంత ఆగకు.

ఇంకో తప్పు కూడా చేశాను. ముప్ఫై దాటని వయసులో, ఈ ఊళ్ళోనే ఒక సభలో, మా నాన్న కోపం మీద కవిత చదివాను. ఆయన మూడో వరసలో మడతకుర్చీలో కూర్చున్నారు. చప్పట్లు బాగా పడ్డాయి. రాత్రి అన్నం దగ్గర, "చదవడం బాగానే చదివేవు" అన్నారు. ఆ తర్వాత బతికున్న తొమ్మిదేళ్ళూ ఆయన గొంతు పెంచలేదు. మంచినీళ్ళు కావాలన్నా గ్లాసు చూపించేవారు. ఓ ఏడాదిపాటు నేను గెలిచాననే అనుకున్నాను.

మీ నాన్నగారు లేరు, మీ అమ్మగారున్నారు. అచ్చుకిచ్చే ముందు ఆమె పేరెత్తిన మూడు కవితలూ ఆమెకి చదివి వినిపించు. అనుమతి సంగతి తర్వాత, ముందు నిజానిజాలు తేలతాయి. నువ్వు బెత్తం అని రాసినచోట ఆమె గొడుగు అనొచ్చు. గొడుగైతే కవిత మారిపోతుంది. వద్దంటే ఆ కవిత ఆపు. ఏడవడం మొదలుపెడితే చదవడం ఆపు.

భాష గురించి కోప్పడకుండా చెప్పడం కష్టం. గిడుగు రామమూర్తి గారు అన్నేళ్ళు పాఠం చెప్పిన ఊరు మీది. వాడుక భాష కోసం పోరాడిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోతే ఉండలేక రాజమండ్రి తరలిపోయారు. ఆ ఊళ్ళో కూర్చుని 'అనువంశిక తమస్సు' అంటావా! ఫోన్లో 'మా అయ్య' అంటావు, కవితలో 'జనకుడు' అంటావు. మీ నాన్నగారికి కోపమొస్తే ఒడియా వచ్చేసేదన్నావు, "కువాడే జాయిథిలు?" అని. దాన్ని 'ఎచటికేగితివి' చేశావు. నవ్వొచ్చింది, క్షమించు. ఆ ఒడియా ముక్క అలాగే ఉంచు, అర్థం కూడా ఇవ్వకు. లైటు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇంకేమడుగుతాడు?

48లో ఒక్క పంక్తి నన్ను కలతపెట్టింది. మీ ఆరేళ్ళవాడు బళ్ళో ఒడియా దిద్దుతున్నాడు, ఇంగ్లీషు దిద్దుతున్నాడు, తెలుగు ఇంట్లో మాట్లాడ్డం వరకే. అంటే ఈ పుస్తకం అట్ట మీద నీ పేరు కూడా వాడు చదవలేడు. మీ తాత కథ నీదాకా వచ్చి, అక్షరమై, అక్కడ ఆగిపోతోంది. ఇది ఒక్క పంక్తి విషయం కాదు తమ్ముడూ. ఇక్కడ ఇంకో నాలుగు కవితలున్నాయి.

మిగతావి చిన్నవి. యాభై నాలుగులో పదహారు తీసెయ్, చుట్టూ గీత గీసినవే. ముందుమాటలు నాలుగు వద్దు, ఒకటి చాలు, అది నాది కానక్కర్లేదు. కాపీలు మూడొందలకి మించి వెయ్యకు. నా మొదటి పుస్తకం ఇంకా మా అటక మీదే ఉంది, చెదలు తిన్నంత తినగా మిగిలింది.

దసరాకి వస్తానన్నావు. ఆ టార్చి ఇంట్లో ఉంటే తీసుకురా. రెండు సెల్లులదో మూడు సెల్లులదో నువ్వు రాయలేదు. మూడు సెల్లులదైతే చేతిలో బరువు వేరుగా ఉంటుంది.

మీ
మాస్టారు