18 నిండితే సాయం ఆగిపోతుందా?

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు పక్కన పల్లె. కొన్నేళ్లుగా ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా, సర్కారు సాయంతో ఇంట్లో పెట్టుకుని సాకేది) కింద ఒక పిల్లోడ్ని పెంచుకుంటా ఉండాము, తిరుపతిలో ఐటీఐ చదువుతా ఉండాడు. సంక్రాంతికి 18 నిండుతాయి, తర్వాత డబ్బులు రావంటా ఉండారు. వాడేమో రూమ్ తీసుకుంటానంటాడు, అన్నం వార్చను గూడా రాదు. ఏం చేసేది?

జవాబు: అక్కా, ఫోస్టర్ కేర్ 18తో ఆగేది నిజమే గానీ 18 నిండినోళ్లకి ఆఫ్టర్ కేర్ అని ఇంకో సాయం ఉండాది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 46 ప్రకారం, పిల్లల సంరక్షణ గృహాల్లో ఉండి 18 నిండినాక బయటికొచ్చే వాళ్లకి 21 ఏళ్ల దాకా సాయం చేయొచ్చు, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకి 4,000 రూపాయలు. ఫోస్టర్ కేర్‌లో పెరిగిన మీ వాడికి అది వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాల, దానంతటదే రాదు, పుట్టినరోజు దాకా కూర్చోకుండా ఇప్పుడే జిల్లా బాలల రక్షణ విభాగానికి పోయి అర్జీ రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి, నోటిమాటలు ఎవరికీ గుర్తుండవు. బ్యాంకులో వాడిది మైనర్ అకౌంటయితే 18 దాటినాక కేవైసీ, కొత్త సంతకం అడుగుతారు, అదీ చూసుకోండి.

రూమ్ సంగతా, పోనీండి. ఆదివారాలు వంటింట్లో నిలబెట్టి అన్నం, చింతపండు రసం నేర్పించండి, నెల ఖర్చు వాడి చేతే రాయించండి. పండక్కి పిలిస్తే వచ్చే చుట్టం కాదు గదా, ఇంటి తాళంచెవి ఒకటి వాడి దగ్గరే ఉండనీండి.

ఆఫీసులో తిప్పుకుంటా ఉంటే బాలల సంక్షేమ కమిటీని అడగండి, ఇంకా 18 నిండలేదు గాబట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చెప్తారు.