ఐదుగురే ప్రొఫెసర్లున్న చోట చేరొచ్చా?

ప్రశ్న: నాకు ఒక చిన్న యూనివర్సిటీలో బయాలజీ డిగ్రీ సీటు వచ్చింది. విద్యార్థులు మొత్తం కలిపి 1500 మంది కూడా ఉండరు, మా డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లు ఐదుగురే. తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది. "ఆ పేరే ఎవరూ వినలేదు, కంపెనీలు కూడా రావట" అని ఇంట్లో వాళ్లు వెనక్కి లాగుతున్నారు. పెద్ద యూనివర్సిటీ కోసం ఇంకో ఏడాది ఆగనా?

జవాబు: నా మటుకు ఆగొద్దనే చెప్తానమ్మా. కాకపోతే ఫీజు కట్టేలోపు నువ్వు కనుక్కోవాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కిందకొచ్చాక.

ముందు ఒక మాట, ఇంట్లో వాళ్లని కోప్పడకు. వాళ్లన్నదాంట్లో నిజం ఉంది. పేరు తెలియని చోట చదివితే మొదటి ఇంటర్వ్యూలో "అదెక్కడుంది?" అని అడుగుతారు, విసుక్కోకుండా చెప్పాలి. కంపెనీలు రాకపోవడం కూడా నిజమే, ఒక్క రోజులో మూడొందల మందిని చూసి వెళ్లిపోదామనుకునే వాళ్లు నలభై మంది కోసం ఎందుకు బయల్దేరతారు? నువ్వు డిగ్రీ అవగానే ఉద్యోగం కావాలని రాసి ఉంటే నేను కూడా ఇంకాస్త ఆలోచించమనే వాడిని. కానీ పీహెచ్‌డీ అన్నావు. అక్కడ లెక్క వేరు.

పీహెచ్‌డీకి దరఖాస్తు చేసినప్పుడు మార్కులు, యూనివర్సిటీ పేరు చూడరని కాదు, చూస్తారు. కానీ వాటితో పాటు గట్టిగా చూసేవి రెండు: నీ చేత్తో నువ్వు చేసిన రీసెర్చ్, నిన్ను దగ్గరగా చూసిన వాళ్లు రాసిన రికమండేషన్ లెటర్లు. పెద్ద యూనివర్సిటీలో మూడొందల మంది క్లాసులో ఫస్ట్ వచ్చిన ఒకబ్బాయి లెటర్ ఒకసారి నేను చూశాను. నాలుగే లైన్లు. నా క్లాసులో ఉన్నాడు, మంచి గ్రేడ్ వచ్చింది, క్రమశిక్షణ కలవాడు. అంతే, పాపం ఆ ప్రొఫెసర్‌కి మాత్రం ఇంకేం తెలుసు? అదే ఏడాది ఒక చిన్న యూనివర్సిటీ నుంచి వచ్చిన అమ్మాయి లెటర్ పేజీన్నర ఉంది. ఆమె పెంచిన బ్యాక్టీరియా మూడుసార్లు చచ్చిపోతే నాలుగోసారి లోపం ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రతలో ఉందని ఎలా పట్టుకుందో, తన నోట్‌బుక్‌లో ఏం రాసుకుందో అన్నీ ఉన్నాయి. మార్కులు ఆ అబ్బాయికే ఎక్కువ. ఇంటర్వ్యూ పిలుపు ముందు ఆ అమ్మాయికి వచ్చింది.

ఇందులో మాయేమీ లేదు. పెద్ద ల్యాబుల్లో ప్రొఫెసర్ కింద పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ చేసేవాళ్లు), వాళ్ల కింద పీహెచ్‌డీ వాళ్లు, డిగ్రీ పిల్లల దాకా వచ్చేసరికి ట్యూబుల మీద లేబుళ్లు అంటించే పని మిగులుతుంది (అందరికీ కాదులే, చొరవ ఉన్నవాళ్లు అక్కడా దూసుకెళ్తారు). చిన్న చోట పీహెచ్‌డీ విద్యార్థులే లేకపోతే ప్రొఫెసర్‌కి ఉన్నదల్లా మీరే. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లోని రీడ్ కాలేజీ సంగతి చూడు. చిన్న కాలేజీ, కానీ 1968 నుంచి సొంతంగా ఒక రీసెర్చ్ న్యూక్లియర్ రియాక్టర్ ఉంది. దాన్ని నడిపే ఆపరేటర్లలో ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులే, శిక్షణ తీసుకుని, ప్రభుత్వ పరీక్ష పాసై, లైసెన్స్ తెచ్చుకుని మరీ నడుపుతారు. అందరూ ఫిజిక్స్ వాళ్లు కూడా కాదు.

నీ సబ్జెక్టుకే దగ్గర ఉదాహరణ కావాలంటే, ఆర్‌ఎన్‌ఏ మీద పనికి 1989లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న థామస్ చెక్ గ్రినెల్ అనే చిన్న కాలేజీలో చదివాడు. క్రిస్పర్ (జన్యువుల్ని కత్తిరించి మార్చే పద్ధతి) పనికి 2020లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన జెన్నిఫర్ డౌడ్నా పొమోనా కాలేజీలో డిగ్రీ చేసింది, అదీ చిన్నదే. తర్వాత చెక్ ల్యాబ్‌లోనే పోస్ట్‌డాక్ చేసింది. ఇద్దరు గొప్పవాళ్ల పేర్లు చెప్పేసి నిన్ను ఒప్పించేద్దామని కాదు, చిన్న చోట చదివి ఎటూ కాకుండా పోయిన వాళ్లూ బోలెడంత మంది. ఇంట్లో "అక్కడ చదివితే సైన్స్‌లో పైకి రారు" అంటే మాత్రం ఈ రెండు పేర్లు వాడుకో. రీడ్, గ్రినెల్, పొమోనా మూడూ బాగా డబ్బున్న కాలేజీలన్న సంగతి కూడా మర్చిపోకు. చిన్నదైనంత మాత్రాన ప్రతిదీ అలా ఉండదు.

ఇక కనుక్కోవాల్సినవి. అన్నిటికంటే ముఖ్యం కోర్సుల సంగతి. వెబ్‌సైట్‌లో ముప్పై కోర్సులు కనిపిస్తాయి, నిజంగా ఆ ఏడాది చెప్పేవి పది ఉండొచ్చు. ఐదుగురే ఉన్నప్పుడు ఒకరు ఏడాది సెలవు మీద వెళ్తే జెనెటిక్స్ మొత్తం అటకెక్కుతుంది, రెండేళ్లకోసారి చెప్పే కోర్సు ఒకసారి తప్పిపోతే నీకు మళ్లీ దొరకదు. కాబట్టి కోర్సుల జాబితా కాదు, గత రెండేళ్ల అసలు టైమ్‌టేబుల్ అడుగు. ఇవ్వడానికి నసిగితే అనుమానించు. లేని కోర్సుని పక్క యూనివర్సిటీలో చేసుకుని క్రెడిట్లు కలుపుకునే వీలుందా అని కూడా అడుగు. పొమోనా వాళ్లకి పక్కనే ఉన్న మరో నాలుగు కాలేజీల్లో క్లాసులు తీసుకునే వీలుంది, ఇలాంటి ఏర్పాటు ఉంటే చిన్నతనం సగం తీరినట్టే.

రెండోది ఆ ఐదుగురు. ఒక్కొక్కరి పేరు పెట్టి వెతుకు. గత మూడు నాలుగేళ్లలో రీసెర్చ్ పేపర్లు వేశారా? వేస్తే వాటిలో విద్యార్థుల పేర్లున్నాయా? ఒక్కరూ రీసెర్చ్ చేయడం లేదంటే నేను పైన చెప్పిందంతా నీకు వర్తించదు, ఆగొద్దన్న మాట కూడా వెనక్కి తీసుకుంటాను. ల్యాబ్‌లో పరికరాలు తక్కువున్నా పర్లేదు, వేరే చోటికి శాంపిళ్లు పంపించి చేయించుకునే అలవాటు వాళ్లకి ఉంటే చాలు.

చేరాక ఒక ఇబ్బంది తప్పదు, అక్కడ దాక్కోవడానికి చోటుండదు. క్లాసు ఎగ్గొడితే సాయంత్రానికల్లా కారిడార్‌లో ఎదురుపడి "ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు. ఒక ప్రొఫెసర్‌తో పేచీ వస్తే ఆయన దగ్గరే ఇంకో రెండు కోర్సులు చేయాల్సి రావచ్చు, కాబట్టి కాస్త సర్దుకుపోవడం నేర్చుకోవాలి. స్నేహితుల గుంపు కూడా చిన్నదే, మొదటి సెమిస్టర్‌లో బోర్ కొట్టి ఇంటికొచ్చేస్తానని ఏడ్చే వాళ్లు నాకు ప్రతి ఏడాదీ ఫోన్ చేస్తారు. ఎక్కువమంది రెండో సెమిస్టర్‌కి మామూలైపోతారు.

అవకాశాల నోటీసులు గోడ మీద కనిపిస్తాయని ఎదురుచూడకు, చిన్న చోట అవి మాటల్లోనే తిరుగుతాయి. మొదటి ఏడాదిలోనే తలుపు తట్టి "మీ ల్యాబ్‌లో వారానికి ఆరు గంటలు పనిచేస్తాను, ఏ పనైనా సరే" అని అడుగు. వేసవిలో మాత్రం బయటికెళ్లు, పెద్ద యూనివర్సిటీల్లో, రీసెర్చ్ సంస్థల్లో వేసవి ఇంటర్న్‌షిప్‌లకి మూడేళ్లూ దరఖాస్తు పెట్టు. అక్కడ నిన్ను చూసిన బయటి మనిషి ఒకరు లెటర్ రాస్తే ఇంట్లో వాళ్ల "పేరు తెలియదు" గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఈ వారమే ఆ ఐదుగురిలో ఒకరికి మెయిల్ పెట్టు. పొడుగ్గా వద్దు, ఆయన పేపర్లలో నువ్వు చదివినదాని గురించి రెండు లైన్లు, డిగ్రీ పిల్లలని ల్యాబ్‌లోకి ఎప్పటినుంచి తీసుకుంటారని ఒక లైను. వారం దాటినా జవాబు రాకపోతే సెలవుల్లో ఉన్నారేమో, డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కో, పనిలో పనిగా ఆ టైమ్‌టేబుల్ కూడా అడిగెయ్.