మాత్ర ఎక్కడ ఆగింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. మొటిమలకు డాక్సీసైక్లిన్ కాప్స్యూల్స్ వాడుతున్నాను. మొన్న రాత్రి నిద్ర ముంచుకొస్తుంటే ఒక్క గుక్క నీళ్లతో ఒకటి మింగి, వెంటనే పడుకున్నాను. తెల్లారేసరికి ఛాతీ మధ్యలో మంట. మూడు రోజులుగా ఏం మింగినా అక్కడ పొడిచినట్టు నొప్పి. కాప్స్యూల్ ఇంకా లోపలే ఉందా? గుండెకేమైనా అయిందేమోనని టెన్షన్‌గా ఉంది. అన్నవాహిక గొట్టమే కదా, మింగింది జారిపోవద్దా?

జవాబు: ముందు గుండె సంగతి. నడిస్తే నొప్పి వస్తున్నా, చెమటలు పడుతున్నా, ఆయాసం ఉన్నా, నొప్పి చేతికో దవడకో పాకుతున్నా ఈ జవాబు పక్కన పెట్టి ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకుండా మింగినప్పుడే నొప్పి వస్తోందంటే నా అనుమానం అన్నవాహిక మీదే. కాప్స్యూల్ ఈపాటికి కరిగిపోయి ఉంటుంది. మిగిలింది అది చేసిన పుండు.

గొట్టం అన్నారు కానీ, అది కుళాయి గొట్టంలా ఎప్పుడూ తెరుచుకుని ఉండదమ్మా. సుమారు 25 సెంటీమీటర్ల మెత్తని కండరం. ఖాళీగా ఉన్నప్పుడు దాని గోడలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. మింగగానే పైనున్న బిగుతు కండరం వదులవుతుంది, ముద్ద వెనకాల గోడ ముడుచుకుంటూ దాన్ని కిందికి నెడుతుంది. ఆ అల పొట్ట దాకా చేరడానికి 8 నుంచి 10 సెకన్లు పడుతుంది. కూర్చుని తాగితే నీళ్లు అంతకంటే ముందే దిగిపోతాయి. పడుకుంటే ఆ సాయం ఉండదు. పైగా నిద్రలో లాలాజలం తగ్గుతుంది, గుటకలూ తగ్గుతాయి. అంటుకున్న మాత్రను కడిగేదేమీ ఉండదు.

నేను రోజూ ఎండోస్కోపీ చేస్తాను. కెమెరా దిగుతుంటే లేత గులాబీ రంగు గోడలు మెల్లగా విచ్చుకుంటాయి. పై పళ్ల నుంచి 22–25 సెంటీమీటర్ల లోతుకు చేరేసరికి గోడ ఒకవైపు కొట్టుకోవడం కనిపిస్తుంది. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని అక్కడ అన్నవాహికను ఒత్తుకుంటూ వంపు తిరుగుతుంది. దారి కాస్త ఇరుకయ్యే చోటు అదే, మాత్రలు ఎక్కువగా ఆగేదీ అక్కడే. మీలాంటివాళ్లలో అక్కడ నేను చూసేది ఒక్క పుండు కాదు, ఎదురెదురుగా రెండు. గోడలు ఆనుకుని ఉంటాయి కాబట్టి కరిగిన మందు రెండు వైపులా కాలుస్తుంది. డాక్సీసైక్లిన్ కరిగితే బాగా ఆమ్లంగా ఉంటుంది, అందుకే ఇంత గాయం. ఎముకలకిచ్చే అలెండ్రొనేట్, ఐరన్, పొటాషియం మాత్రలతోనూ ఇలాగే అవుతుంది.

తర్వాతి కాప్స్యూల్ మింగకముందే మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి, మందు మార్చవచ్చు. ఇలాంటి పుండ్లు చాలావరకు కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో మానిపోతాయి. అప్పటిదాకా మెత్తగా, చల్లారాక తినండి. ఇకమీదట ఏ మాత్రైనా కూర్చునో నిలబడో, ముందు ఒక గుక్క నీళ్లు తాగి గొంతు తడుపుకుని, తర్వాత నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి. కనీసం అరగంట నడుం వాల్చకండి. రాత్రి మాత్రను పగటికి మార్చడం కుదురుతుందేమో కూడా అడగండి.

నీళ్లు కూడా దిగకపోయినా, వాంతిలో రక్తం పడినా, విరేచనం తారులా నల్లగా అయినా, జ్వరం వచ్చినా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వారం గడిచినా నొప్పి తగ్గకపోతే ఎండోస్కోపీ చేయించుకోండి.