సమాధానం: ట్యాంకు నిండుగా ఉన్నా బీటిలోని తొట్టికి నీళ్లు సన్నగా రావడం

అన్నా, అనంతపురం వైపు మెట్ట బీటిలో ట్యాంకు పశువులు తాగే తొట్టికన్నా 4 మీటర్లు ఎత్తు, మధ్యలో ఒక మిట్ట, 600 మీటర్ల 32 ఎంఎం హెచ్‌డీపీఈ (నల్ల ప్లాస్టిక్) పైపు అన్నారు. ఈ లెక్కన గంటకు దాదాపు 700 లీటర్లు రావాలి. సన్నగా వస్తోందంటే బోరు తప్పు కాదు.

ముందు మిట్ట చూడండి. ట్యాంకు ఒకసారి ఖాళీ అయితే పైపులోకి గాలి దూరి అక్కడే నిలిచి నీళ్లకు అడ్డం పడుతుంది. మిట్ట మీద పైపుకు టీ (మూడు మూతుల జాయింటు) వేసి, ట్యాంకు నీటిమట్టం కన్నా అడుగు ఎత్తుగా అరంగుళం పైపు నిలబెట్టండి, గాలి అందులోంచి పోతుంది. పై కొస వంచి జాలీ కట్టండి, తొండలు దూరకుండా. గాలిని వదిలే ఎయిర్ వాల్వు కన్నా నాకిదే నమ్మకం, చెడిపోయేదేమీ ఉండదు.

తర్వాత తొట్టి దగ్గర ఫ్లోట్ వాల్వు (తొట్టి నిండగానే నీళ్లు ఆపే బంతి వాల్వు) విప్పండి. లోపలి రంధ్రం 3 మిల్లీమీటర్లే ఉంటే అది ఎక్కువ ఒత్తిడికి చేసిన రకం. మీ 4 మీటర్లకు నిమిషానికి రెండు, రెండున్నర లీటర్లు దాటదు. తక్కువ ఒత్తిడి రకం, పెద్ద రంధ్రమున్నది బిగించండి.

వంద గొర్రెలకు ఎండాకాలం రోజుకు 800 లీటర్లు, పది ఆవులకు 600 వేసుకోండి. అన్నీ మధ్యాహ్నం ఒకేసారి వస్తాయి కాబట్టి తొట్టి 500 లీటర్లకు తగ్గకూడదు. ట్యాంకు 5000 అయితే మోటారు కాలినా మూడు రోజులు గడుస్తుంది.