టెక్‌ సందేహాలు: ధర చూసి కాదు, రోజులు చూసి రీఛార్జ్‌ చేయండి

ఈ వారం ఉత్తరాలన్నీ రీఛార్జ్‌ మీదే. ఫోన్‌ పాడైతే ఇంత కోపం రాదనుకుంటా!

నాది 5జీ ఫోన్‌. జియోలో 299 రూపాయల ప్లాన్‌. సాయంత్రానికే 1.5 జీబీ అయిపోతుంది, 19 రూపాయలు పెట్టి మళ్లీ వేయిస్తుంటా. మా ఫ్రెండ్‌కు మాత్రం 5జీ ఎంత వాడినా అయిపోదు. నా ఫోన్లో ఏదైనా సెట్టింగ్‌ మార్చాలా? (డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

ఫోన్లో ఏమీ లేదు, కిటుకంతా ప్లాన్లోనే ఉంది. మీ 299 ప్లాన్‌ 2024 జులై దాకా 239 రూపాయలే, దాంట్లో అపరిమిత 5జీ కూడా వచ్చేది. ఆ నెల ధర పెంచారు, దాంతోపాటే అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే పరిమితం చేశారు. ఎయిర్‌టెల్‌ కూడా అప్పుడు ఇదే దారి పట్టింది. మెట్టు ఎత్తు పెంచడం ఒకటి, పై మెట్టు ఎక్కితే తప్ప పని జరగకుండా చేయడం ఇంకొకటి. ఆదాయం ఎక్కువగా ఈ రెండో దాంట్లోనే ఉందని నా అభిప్రాయం. జియోకు ఒక్కో కస్టమర్‌పై నెలకు వచ్చే సగటు ఆదాయం (మార్కెట్‌ వాళ్లు ‘ఆర్పు’ అంటారు) 2024 ఏప్రిల్‌-జూన్‌లో 181.7 రూపాయలు. అదే ఏడాది ఆఖరి మూడు నెలలకల్లా 203.3కు చేరింది.

మీ లెక్కకొద్దాం. రోజుకు 2 జీబీ ఇచ్చే 349 ప్లాన్‌కు మారితే 28 రోజులకు 50 రూపాయలే ఎక్కువ. 19 రూపాయల వోచర్‌ మూడుసార్లు వేస్తే 57. పైగా ఒకప్పుడు ఆ వోచర్‌తో వచ్చే 1 జీబీ అసలు ప్లాన్‌ గడువు దాకా ఉండేది, 2025 జనవరిలో దాన్ని ఒక్క రోజుకు కుదించారు. నెలకు మూడుసార్లు, ఆపై వేస్తుంటే 349కి మారండి. మీ ఇంటి దగ్గర 5జీ సిగ్నల్‌ సరిగా అందకపోతే మాత్రం ఆ 50కి దక్కేది రోజుకు అర జీబీ అదనమే.

మా అమ్మది బటన్ల ఫోన్‌. కాల్స్‌ తప్ప ఏమీ వాడదు. డేటా ప్యాక్‌ ఎందుకు వేయించాలి? (విజయనగరం)

అక్కర్లేదు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ నిబంధనలు మార్చి, కాల్స్‌, ఎస్సెమ్మెస్‌లకే విడిగా ప్యాక్‌ ఇచ్చి తీరాలంది. మరుసటి నెలలోనే అవి వచ్చాయి: జియోలో 84 రోజులకు 448, ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, ఏడాదికి 1849. జియో ప్యాక్‌ రోజుకు సుమారు అయిదు రూపాయల ముప్పై పైసలు పడుతుంది. 299 ప్లాన్‌ అయితే పది రూపాయల పైమాటే. ఇవి యాప్‌లో పైనెక్కడా కనపడవు, కాస్త కిందికి వెతకాలి. అమ్మకుడెవరైనా చవక సరుకు అడుగు అరలోనే పెడతాడు కదా! ధరలు మారుతుంటాయి, వేయించే ముందు ఒకసారి చూసుకోండి.

అన్నట్టు, 28 రోజుల ప్లాన్‌ వేస్తే ఏడాదికి పదమూడు రీఛార్జ్‌లు. 299 చొప్పున 3887 రూపాయలు, పన్నెండుసార్లయితే 3588. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్‌, నెలనెలా ఒకే తేదీకి వేసుకునే ప్లాన్‌ ఒకటి ఉంచాలని 2022లోనే నిబంధన వచ్చింది. అడిగితేనే చెబుతారు.

అడగకుండానే కాలర్‌ ట్యూన్‌ పెట్టి డబ్బులు కోస్తున్నారు. (కర్నూలు)

155223కు ఫోన్‌ చేసి ఆపించండి, ఉచితమే. మా పెద్దమ్మ ఫోన్లో ఇలాగే ఎవరో భక్తి పాట పెట్టేశారు. ఆవిడకు నచ్చింది, అది వేరే సంగతి!

జియో పద్దెనిమిది నెలలు గూగుల్‌ ఏఐ సేవ జెమినై ప్రో ఉచితమంటోంది. ఏం గిట్టుబాటు వాళ్లకు? (హైదరాబాద్‌)

షరతు చదవండి: ఆ పద్దెనిమిది నెలలూ అపరిమిత 5జీ ప్లాన్‌ నడుస్తూ ఉండాలి. అంటే మీరు 349 మెట్టు దిగకూడదు. ఖమ్మం కుర్రాడు ఎక్కాలా వద్దా అని ఆలోచిస్తున్న మెట్టు అదే. మీరు ఎలాగూ ఆ ప్లాన్లోనే ఉంటే హాయిగా తీసుకోండి. తీసుకున్న రోజే ప్లేస్టోర్‌లో మీ ప్రొఫైల్‌ బొమ్మ నొక్కి, పేమెంట్స్‌ అండ్‌ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి, గడువయ్యాక డబ్బు కట్‌ అయ్యేలా ఏమైనా ఉందేమో చూసి, ఉంటే తీసేయండి.