చించినాడ వంతెన దాటేలోపే...

ప్రశ్న: డాక్టరుగారూ, మాది మలికిపురం దగ్గర పల్లె. నాకిప్పుడు ఐదో నెల. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. ముందుపళ్ళ మధ్య చిగురు కందిగింజంత ఎర్రగా ఉబ్బింది. కింద దవడపన్ను పుచ్చి రాత్రిళ్ళు సలుపుతుంటే లవంగం పెట్టుకుని పడుకుంటున్నాను. మత్తు ఇంజెక్షను బిడ్డకి తగులుతుందని, పురుడయ్యాక చూపించుకోవచ్చని మా అత్తయ్యగారు అంటున్నారు. ఏడో నెలలో పాలకొల్లు, పుట్టింటికి వెళ్తాను. ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దు తల్లీ. నా కూతురి ఈడుదానివి, అందుకే నువ్వనే రాస్తున్నాను. నువ్వు చించినాడ వంతెన దాటేలోపే ఆ పన్ను సంగతి తేలిపోవాలి. నాలుగు నుంచి ఆరో నెల వరకూ ఈ వైద్యానికి మంచి అదను. వేవిళ్ళు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా బరువెక్కదు. ఎనిమిదో నెలలో వెల్లకిలా పడుకుంటే ఆ బరువు లోపలి పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయి. అప్పుడు కూడా ఎడమవైపుకి ఒత్తిగిల్లబెట్టి చేస్తాం కానీ నీకు ఆయాసం.

పంటికిచ్చే లిగ్నోకెయిన్ మత్తు గర్భిణులకు ఎప్పటినుంచో ఇస్తున్నదే. అవసరమైతే ఎక్స్‌రే కూడా తీయొచ్చు. నా భయమల్లా మందుల షాపులో అడిగి మింగే మాత్రల గురించే. టెట్రాసైక్లిన్ జాతి మందులు పుట్టబోయే బిడ్డ పాలపళ్ళకి మరకలు పెడతాయి. ఐబూప్రొఫెన్ 20 వారాలు దాటాక వద్దు. ఎన్నో నెలో ముందే చెప్పి, ఏఎన్ఎం ఇచ్చిన కార్డు చూపించు.

ఆ కందిగింజంత ఉబ్బుకి బెంగపడకు. గర్భంలో హార్మోన్లు పెరిగాక, పంటి మొదట్లో కాస్త పాచి ఉన్నా చిగురు కందిపోతుంది. అలాంటి ఉబ్బు చాలామందికి కాన్పయ్యాక దానంతటదే తగ్గుతుంది. క్లీనింగ్ చేయించుకునేటప్పుడు దాన్నీ చూపించు. రక్తం వస్తోందని తోమడం మాత్రం మానకు. మెత్తటి బ్రష్‌ని చిగురూ పన్నూ కలిసేచోట ఆనించి, రెండు పూటలా నెమ్మదిగా తోము.

మా అమ్మ కూడా మీ అత్తయ్యగారి మాటే అనేది. మేం ముగ్గురం. "కాన్పుకో పన్ను పోయిందే" అంటూ దవడలో ఖాళీలు వేలితో తడిమి చూపించేది. చాలా ఏళ్ళు ఆ పళ్ళు మేమే తినేశామనుకున్నాను. బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాక్కోదని చదువుకున్నాకే తెలిసింది. నోట్లో చన్నీళ్ళు తగిలితే వాతమని బాలింతగా ఉన్నన్నాళ్ళూ అమ్మని సరిగా పళ్ళు తోముకోనివ్వలేదు. పొద్దునా సాయంత్రం బెల్లంతో చేసిన కాయం ముద్ద మాత్రం పెట్టారు. కాయం తినొద్దనను. తిన్నాక గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించాలి, అంతే. అత్తయ్యగారితో వాదన పెట్టుకోకు, వెంటబెట్టుకుని వెళ్ళు. ఆవిడ అనుమానాలు డాక్టరునే అడగనీ. ఖర్చు గురించి వెనకాడుతుంటే భీమవరంలో, రాజమహేంద్రవరంలో దంతవైద్య కళాశాలలున్నాయి.

ప్రశ్న: మూడో నెల. బ్రష్ నోట్లో పెడితే చాలు, వాంతి. అయ్యాక వెంటనే తోముకుంటున్నాను. మంచిదేనా? (రావులపాలెం)

జవాబు: వెంటనే వద్దమ్మా. వాంతిలోని ఆమ్లానికి పంటిపై పొర మెత్తబడి ఉంటుంది, రుద్దితే అరిగిపోతుంది. గ్లాసుడు నీళ్ళలో చిన్న చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మెయ్యండి. గంటాగి తోముకోండి. పొద్దున్నే పడకపోతే మధ్యాహ్నమైనా సరే. చిన్నపిల్లల బ్రష్ అయితే గొంతు దాకా తగలదు.

ప్రశ్న: పాపకి అన్నప్రాశన చేశాం, కింద ఒక పన్ను వచ్చింది. ఎప్పటినుంచి తోమాలి? (అమలాపురం)

జవాబు: ఈ రోజు నుంచే. మెత్తటి చిన్న బ్రష్ మీద ఫ్లోరైడ్ పేస్టు బియ్యపుగింజంత చాలు. పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చకండి. అన్నం చల్లారిందో లేదో మీ నోటితో చూసి అదే చెంచా పాపకి పెట్టకండి, మీ పుచ్చుపళ్ళలోని క్రిములు అలాగే పాప నోట్లోకి చేరతాయి. మొదటి పుట్టినరోజు లోపు దంతవైద్యుడికి చూపించండి. వెళ్ళినప్పుడు, కాన్పు ముందు నుంచీ మీరు వాయిదా వేస్తున్న పన్నేదైనా ఉంటే అదీ చూపించుకోండి. పాపకి పాలిస్తున్నా మత్తు ఇంజెక్షను తీసుకోవచ్చు.